రెండో బ్రేకు

సంచీ అడుగున చిన్నక్క ముందు పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి పరిచింది. దాని మీద కుట్టుమిషను తలను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది. సూది ఊడదీసి అగ్గిపెట్టెలో వేసింది. ఆరు బాబిన్లు రుమాల్లో మూట కట్టింది, మళ్ళీ విప్పి చూసుకుంది, మళ్ళీ కట్టింది. పక్కన ఖాళీ మిగిలితే తల దొర్లుతుందని రెండు తువ్వాళ్ళు కుక్కింది. జిప్పు సగందాకా వచ్చి మొరాయించింది. మోకాలితో అదిమిపెట్టి లాగింది.

"అది సంచీయా, సిమెంటు బస్తాయా?" అన్నాడు తమ్ముడు గుమ్మంలో నిలబడి. ఒక చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేసి, చివరికి నడుం పట్టుకున్నాడు. "ఇటివ్వు, డిక్కీలో పడేస్తాను."

"పడేస్తాడట. గతుకుల్లో ఎగిరెగిరి పడి ఏ పన్ను ఊడినా అతికేవాడు లేడు. నా కాళ్ళ దగ్గరే ఉంటుంది."

"నీ ఇష్టం. ఆరవుతోంది, కదులు."

ఆమె కదల్లేదు. స్టవ్వు కట్టేసిందో లేదో చూసి వచ్చింది. వెనక తలుపు గడియ చూసి వచ్చింది. మళ్ళీ స్టవ్వు దగ్గరికి వెళ్ళింది.

ఆ మిషను వాళ్ళ అమ్మది. అమ్మ దాని మీద ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఆడపిల్లలిద్దరికీ దాని మీదే పని నేర్పింది. అమ్మ పోయిన నెలలోనే చిన్నక్క మిషనును బండెక్కించి తనింటికి తెచ్చేసుకుంది. ఎవరినీ అడగలేదు. కుడితేనే పూట గడిచే రోజులవి, అడగాలని తట్టలేదు. పెద్దక్క ఒకే ఒక్క మాట అంది: "అమ్మ చెయ్యి నువ్వొక్కదానివే పట్టుకుపోయావా?" ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఇద్దరి మధ్యా మాటల్లేవు.

పదిరోజుల కిందట పెద్దక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇళ్ళల్లో ఇంకా ఫోన్లు లేని కాలం. ఉత్తరంలో నాలుగే ముక్కలు. ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నానని, చాలా దూరమని, బుధవారం పదకొండింటికి సామాను లారీ కదులుతుందని, వెళ్ళేలోపు అమ్మ మిషను ఒకసారి చూడాలని ఉందని.

చిన్నక్క బడి మొహం చూసినది కాదు. జాకెట్లు కత్తిరించడానికి కొలతలు గీసుకునే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని తనంతట తాను చదవడం నేర్చుకుంది. అందుకని చేతికొచ్చిన కాగితం ఏదైనా చివరి అక్షరం దాకా చదవందే వదలదు, మందుల చీటీ అయినా సరే. ఆ ఉత్తరాన్ని మాత్రం మడతలు చిరిగేదాకా చదివింది. అదే రోజు జవాబు రాసింది. "చూడ్డమెందుకు, నీకే తెచ్చి ఇచ్చేస్తాను. బుధవారం పదికల్లా మీ వాకిట్లో ఉంటాం. తమ్ముడి తెల్లకారులో వస్తాం, గుర్తు పట్టు."

తమ్ముడి కారు సంగతి కొంచెం చెప్పాలి.

అతను ముప్ఫై రెండేళ్ళు హైస్కూలు సైన్సు ల్యాబులో అటెండరుగా చేశాడు. ప్రయోగాలు చేసేది పిల్లలు, చేయించేది మేష్టారు, గాజు గొట్టాలు కడిగేది ఇతను. భార్య పోయి, ఉద్యోగమూ అయిపోయి, చిన్నక్క ఇంటికి వచ్చేశాక ఇక ప్రయోగాలన్నీ తనే చెయ్యాలని పట్టుపట్టాడు. వీధిలో అందరూ అతన్ని సైంటిస్టు అంటారు. ఎదురుగా అన్నప్పుడు మర్యాదగానే ఉంటుంది.

తుక్కు కిందికి పోబోతున్న కారొకటి తెచ్చి పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టుకున్నాడు. దాని ఒంటి మీద అతను వెయ్యని చెయ్యి లేదు. కొత్త హారను బిగిస్తే, హారను నొక్కినప్పుడల్లా వైపర్లు ఆడటం మొదలెట్టాయి. "వానలోనే కదా హారను ఎక్కువ కావలసింది, రెండు పనులూ ఒక్క దెబ్బకి" అని సమర్థించుకున్నాడు. డ్రైవరు సీటు నడుముకి పడటం లేదని మంగలి షాపు పాత కుర్చీ తెచ్చి పెట్టాడు. మొదటి మలుపులో అది గిర్రున తిరిగి, అతను వెనక అద్దం వైపు మొహం పెట్టి పది గజాలు కారు నడిపాడు. ఆ సాయంత్రమే పాత సీటు వచ్చి తన చోట కూర్చుంది.

మూలమీది మెకానిక్కు ఒక్కటే చెప్పేవాడు. "బాబాయ్, దానికి రెక్కలు కట్టండి, తోక పెట్టండి, నేనేమీ అనను. బ్రేకుల జోలికి మాత్రం పోకండి."

అతను పోయేవాడు కూడా కాదు. పోయేలా చేసింది చిన్నక్క.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె భర్త ఎక్కిన బస్సుకు ఒక దిగుడులో బ్రేకు పడలేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆమె కుడికాలు మాత్రం మరిచిపోలేదు. కారెక్కితే చాలు, ఎదురుగా సైకిలు వచ్చినా, మేక అడ్డొచ్చినా, ఆ కాలు కింద రేకును తొక్కుతూనే ఉంటుంది. కాలికి నోరు తోడు. మెల్లగా పోనీరా, అదిగో లారీ, ఏదో చప్పుడు, ఏదో వాసన, ఆపి ఒకసారి దిగి చూడరా. కూరగాయల మార్కెట్టుకి వెళ్ళి వచ్చేలోపు తమ్ముడు నాలుగుసార్లు దిగి నాలుగు టైర్లూ తన్ని చూడాల్సి వచ్చేది.

మిషనుకి అతను అప్పటికే కరెంటు మోటారు బిగించి ఉన్నాడు. కాళ్ళతో తొక్కే ఇనుప పలక, దాని కాళ్ళ స్టాండూ షెడ్డులో తుప్పు పడుతున్నాయి. ఆ పలకను కోసి తీసి, కారులో ఆమె కాళ్ళ దగ్గర స్ప్రింగు మీద బిగించాడు.

"ఇదుగో, నీ బ్రేకు నీకు. భయమేస్తే తొక్కు, కారు దానంతటదే నెమ్మదిస్తుంది."

నిజంగానే నెమ్మదించేది. నెల రోజులు ఆమె హాయిగా తొక్కుకుంది. ఆ పలకలోని పూల ఆకారపు చిల్లులు ఆమె పాదానికి చిన్నప్పటి నుంచి తెలిసినవే. నోరు కూడా తగ్గింది. ఒకరోజు దారపు ఉండ జారి కింద పడితే వంగి వెతికింది. పలక కింద స్ప్రింగు ఉంది. స్ప్రింగు కింద రేకు ఉంది. ఇంకేమీ లేదు.

మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం పెడుతూ అంది.

"ఉత్తుత్తి బ్రేకు పెట్టి ఆడించావు కదరా నన్ను."

"ఆడించడమేమిటి? నువ్వు తొక్కినప్పుడల్లా పక్కన నేను తొక్కుతూనే ఉన్నాగా."

"నువ్వు తొక్కని రోజున?"

మర్నాడే అతను లావుపాటి ఇనుప తీగ ఒకటి తెచ్చి, చిన్న కప్పీ మీదుగా తిప్పి, ఆమె పలకను తన బ్రేకు పెడలుకు కలిపాడు. ఆమె ఇక్కడ తొక్కితే అక్కడ అతని పెడలూ దిగుతుంది. మెకానిక్కు వచ్చి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని, నేను చూడలేదనుకోండి బాబాయ్ అని వెళ్ళిపోయాడు. చిన్నక్క పెరట్లో పదిసార్లు తొక్కి, వంగి తీగ కదలడం కళ్ళారా చూశాక నమ్మింది. అంతటితో ఊరుకోక, కారుతో వచ్చిన పాత పుస్తకంలో బ్రేకుల పాఠం భూతద్దం పెట్టుకుని చదివింది కూడా.

ఇక శనివారం నాడు తమ్ముడు చేసిన ఘనకార్యం ఇంకొకటి. బడి గేటుకు వెయ్యగా మిగిలిన రంగు డబ్బా తెచ్చి, పెద్దక్క ముందు కారు కొత్తగా కనబడాలని, కుంచెతో కారంతా ముదురాకుపచ్చ పూసేశాడు.

"ఒరేయ్, తెల్లకారని రాశానురా దానికి."

"రాస్తే? వాకిట్లో ఆగాక దిగేది మనమే కదా. మన మొహాలకి కూడా రంగు వేశానా?"

ఆమె నవ్వింది గానీ ఆ మాట ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది. ఇంకో ఉత్తరం రాస్తే బుధవారం లోపు అందదు.

ఇప్పుడు సంచీని కారులోకి చేర్చడానికి ఇద్దరూ చెరొక చెవీ పట్టుకున్నారు. ఆమె కూర్చుంది. సంచీని రెండు కాళ్ళ మధ్యా నిలబెట్టి, పడకుండా మోకాళ్ళతో పట్టుకుంది. తమ్ముడు తాళంచెవి తిప్పబోయి ఆగాడు.

"అక్కా, ఒక్క మాట. నాలుగు గంటల దారి. నువ్వు ఎప్పట్లా మైలుకోసారి ఆపిస్తే మనం చేరేసరికి పెద్దక్క వెళ్ళిపోయి ఉంటుంది. ఈ ఒక్కరోజు నోరు మెదపకు. చప్పుడని అనకు, వాసనని అనకు. నీ బ్రేకు నీ దగ్గరుందిగా."

"అనను."

"ఒట్టు?"

"అననన్నాను కదరా. పోనీ."

కారు బయలుదేరింది. ఊరు దాటేదాకా ఆమె పెదాలు బిగించుకునే ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత పెద్దక్కతో మొదటి మాట ఏమనాలా అని ఆలోచించుకుంటోంది. తప్పయిపోయిందే అనాలా? బాగున్నావా అనాలా? లేక సంచీ ముందు పెట్టి ఊరుకుంటే చాలా?

"కాలు ఏదే అని అడిగితే?" అంది, మిషను గురించి.

"కారులో ఉందని చెబుదాం. వచ్చి తొక్కి చూసుకోమందాం."

ఇద్దరూ నవ్వారు. ఆ దారిలో నవ్వింది అప్పుడే.

కారు ఎందుకో బరువుగా పోతోంది. మామూలుగా గంటలో దాటే వంతెన దగ్గరికి గంటన్నర పట్టింది. "ఎదురుగాలి" అన్నాడు తమ్ముడు. వెనక ఒక లారీవాడు చాలాసేపు హారను కొట్టి, దాటిపోతూ తల బయటపెట్టి, వెనక్కి చూపిస్తూ ఏదో అరిచాడు. "రంగు చూసి కళ్ళు కుట్టాయి వాడికి" అన్నాడు తమ్ముడు. కారు వెనక బ్రేకు దీపాలు రెండూ పొద్దుటి నుంచీ వెలుగుతూనే ఉన్నాయని ఆ లారీవాడు చెప్పబోయాడు. ఆ సంగతి వీళ్ళకి తర్వాత గాని తెలియలేదు.

వంతెన దాటాక ఆమెకి వాసన తగిలింది. ఇస్త్రీపెట్టె కింద ఉన్నిబట్ట మాడుతున్న వాసన. ఆమె తమ్ముడి వైపు చూసింది. అతనికి ముప్ఫై ఏళ్ళ యాసిడ్ల మధ్య ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. చెబుదామని నోరు తెరిచి, గడియారం చూసుకుంది. ఎనిమిదింబావు. చెబితే ఆపుతాడు. ఆపితే దిగుతాడు. దిగితే బానెట్టు ఎత్తుతాడు, ఎత్తితే అరగంట. తన ముక్కు ఎన్నిసార్లు అబద్ధమాడలేదు? మొన్న పొగ అన్నది ఎవరిదో ఆకుల మంట. అంతకు ముందు పెట్రోలు అన్నది తన చేతి సంచీలో ఒలికిన తలనొప్పి మందు. నోరు మూసుకుంది. సంచీ చెవుల్ని గట్టిగా పట్టుకుంది.

తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. వాసన ముదిరింది. కొండదారి మొదలైంది. "ఎత్తు కదా, గుంజుతోంది" అన్నాడు తమ్ముడు తనకు తానే. పదింబావుకి ఘాటురోడ్డు పైకి చేరారు. అక్కడి నుంచి దిగితే లోయలో పెద్దక్క ఉండే ఊరు, నలభై నిమిషాలు.

"చేరిపోతాం" అన్నాడు.

రెండో మలుపులో అతని కాలు పెడలు మీద పడింది. పెడలు మెత్తగా, తడిగుడ్డ మీద కాలేసినట్టు, నేల దాకా దిగిపోయింది. కారు ఆగలేదు. అతను మళ్ళీ తొక్కాడు. లాభం లేదు. అతని మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. సంచీని మోకాలితో పక్కకు నెట్టి తన పలకను బలమంతా పెట్టి తొక్కింది. అది కూడా మెత్తగా దిగిపోయింది.

"మళ్ళీ ఉత్తుత్తిదే పెట్టావురా."

"రెండూ ఒకటే అక్కా. పోయింది. గట్టిగా పట్టుకో."

అతను గేరు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. ఇంజను ఏడ్చినట్టు అరిచింది. చేతిబ్రేకు రెండు చేతులతో లాగబోయి, స్టీరింగు వదలలేక ఒక చేత్తో లాగాడు. హారను మీద మోచెయ్యి పడి వైపర్లు పొడి అద్దం మీద గీరుకుంటూ ఆడాయి. ఆమె కళ్ళు మూసుకోలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ దిగుడును ఆమె మనసులో ఎన్నిసార్లు దిగిందో. ఈసారి మాత్రం పక్కన తమ్ముడున్నాడు.

మూడో మలుపులో రోడ్డు పనికి పోసిన కంకర గుట్ట కనబడింది. అతను కారును దాంట్లోకి దింపేశాడు. పెద్ద చప్పుడైంది, కంకర అద్దం దాకా ఎగిరింది, కారు ముక్కు పాతుకుని ఆగిపోయింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. నీకు?"

"లేదు."

దిగి చూస్తే చక్రాల దగ్గర్నుంచి పొగ వస్తోంది. అతను కారులోకి వంగి పెడలును చూశాడు, తీగను చూశాడు, తర్వాత సంచీ వైపు చూశాడు. సంచీని రెండు చేతులా పట్టి పైకి లేపాడు. లేపగానే కింద పలక టక్కుమని పైకి లేచింది.

ఇద్దరూ ఆ పలకనే చూస్తూ నిలబడ్డారు. ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి మిషను తల ఆ పలక మీద ఒరిగి, తీగను కొంచెంగా లాగిపట్టి ఉంచింది. నాలుగు గంటలు బ్రేకు ఒరుసుకుంటూనే కారు నడిచింది.

"వాసన రాలేదా నీకు?" అన్నాడు.

"వచ్చింది."

"ఎప్పటినుంచి?"

"వంతెన దగ్గర్నుంచి."

"మరి చెప్పలే..." అని సగంలో ఆపేశాడు. అతను మొహం తుడుచుకునే మిషతో అటు తిరిగాడు.

తర్వాత కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలెట్టాడు. నీళ్ళ సీసా తెచ్చి చక్రాల మీద పొయ్యబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దురా. కాలిన ఇనుము మీద నీళ్ళు పోస్తే పగులుతుందని పుస్తకంలో ఉంది. చల్లారనీ."

"ఎంతసేపు?"

"ఎంతసేపో రాయలేదు."

చల్లారినా కారును కంకరలోంచి లాగాలంటే మనుషులు కావాలి. పనివాళ్ళు ఎవరూ లేరు. ఆ దారిన బస్సు మధ్యాహ్నం రెండింటికి. సంచీ మోసుకుని నడిచే బరువు కాదు, వదిలేసి వెళ్ళే వస్తువూ కాదు. పదిన్నర. పదకొండు. పొగ, దుమ్ము కలిసి గొంతులో పడుతుంటే ఆమె తువ్వాలు తీసి తలా మొహమూ చుట్టుకుంది, కళ్ళు మాత్రం వదిలి. పదకొండు దాటుతుంటే రాతి మీద కూర్చోలేక లేచి, మలుపు దాకా నడిచి, తిరిగి వచ్చి, మళ్ళీ నడిచింది. తమ్ముడు కారు కిందికి దూరి ఆ తీగను విప్పడానికి బోల్టుతో కుస్తీ పడుతున్నాడు. విప్పాలని అనుకుని బిగించిన బోల్టు కాదది.

పదకొండూ నలభైకి కింది నుంచి ఒక లారీ మూలుగుతూ ఎక్కి వచ్చింది. సామాను తాళ్ళతో కట్టి ఉంది. ఆమె దాన్ని మామూలుగానే చూసింది. అది దాటి వెళుతుంటే, తాళ్ళ మధ్య నుంచి ఒక బీరువా కనబడింది. ఎడమ తలుపుకు కింద సొట్ట. ఆ సొట్ట పడిన రోజు ఆమెకు తెలుసు. అమ్మ కాళ్ళ దగ్గర అక్కచెల్లెళ్ళిద్దరూ దొమ్మీలాడుకుంటూ వెళ్ళి గుద్దుకున్న బీరువా అది.

"ఒరేయ్" అంది. "ఒరేయ్, లేవరా."

లారీ వెనకే అద్దె కారు. అద్దాలు మూసి ఉన్నాయి. వెనక సీట్లో ఇటువైపు పెద్దక్క. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఆమె కళ్ళు ముందు ఆకుపచ్చ కారు మీద పడ్డాయి, అక్కడ ఒక్క క్షణం కూడా నిలవలేదు, మొహానికి గుడ్డ చుట్టుకుని చేతులు ఊపుతున్న ఎవరో ఆవిడ మీదుగా జారి, ముందున్న రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. డ్రైవరు, అడ్డు తొలగమన్నట్టు హారను కొట్టి దాటించాడు. చిన్నక్క మొహం మీది తువ్వాలు లాగి పారేసేసరికి కారు మలుపు తిరిగింది. ఆమె పరుగెత్తింది. అరవై నాలుగేళ్ళ కాళ్ళతో ఎంత పరుగెత్తగలదో అంత పరుగెత్తి, మలుపు దగ్గర రాయి పట్టుకుని ఆగింది. పైన ఇంకో మలుపులో కారు ఒకసారి కనబడింది.

తమ్ముడు కారు కింది నుంచి బయటకు వచ్చేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఎవరు?" అన్నాడు.

ఆమె చెప్పింది.

ఒంటిగంటకి పనివాళ్ళు వచ్చి కారును కంకరలోంచి నెట్టారు. వెనక్కి తిరగకుండా ఆమె ఊళ్ళోకే పొమ్మంది. నడిచినంత నెమ్మదిగా దిగి, పెద్దక్క ఉన్న ఇంటి ముందు ఆగారు. తలుపుకి తాళం. కిటికీ అరుగు మీద ఖాళీ పూలకుండీ. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ చూసి గేటు దగ్గరికి వచ్చింది.

"చెల్లెలు మీరేనా? పొద్దున తొమ్మిది నుంచీ ఇక్కడే స్టూలు వేసుకుని కూర్చుంది పాపం. లారీవాడు గొడవ పెడుతున్నా పదకొండు దాకా లేవలేదు."

"ఏమైనా చెప్పిందా?"

"చెప్పడానికేముంది. తెల్లకారు వస్తే ఆపి కూర్చోబెట్టు, నేను చివరిదాకా చూశానని చెప్పు అంది." ఆవిడ గేటు అవతల నిలబడ్డ కారును చూసింది. "ఇదేనా మీ కారు?"

"ఇదే" అన్నాడు తమ్ముడు.

"మంచినీళ్ళు ఇమ్మంటారా?"

ఇద్దరూ తాగారు.

ఇంటికి వచ్చాక అతను ఆ పలకను కారులోంచి విప్పి, షెడ్డులోని స్టాండుకు మళ్ళీ అతికించాడు. అతుకులు రెండు లావుగా ఉబ్బి కనబడతాయి. మోటారు కూడా తీసేశాడు. ఆ తర్వాత కారులో ఆమె ఏమన్నా అతను ఆపి, దిగి, చూసేవాడు. మార్కెట్టుకి వెళ్ళి రావడానికి మళ్ళీ నాలుగుసార్లు ఆగడం మొదలైంది. నాలుగు టైర్లూ తన్ని చూసి, "ఏమీ లేదక్కా" అని వచ్చి కూర్చునేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నెల తర్వాత పెద్దక్క ఉత్తరం రాసింది. ఈసారి పేజీ నిండా ఉంది. కొత్త ఊరు, చిన్న గది, కొడుకు ఉద్యోగం. మధ్యలో ఒక చోట ఇలా ఉంది: "దారిలో ఘాటు మీద ఎవరిదో కారు చెడిపోయి ఆగి ఉంది. మీదీ ఇలాగే ఎక్కడో ఆగిపోయి ఉంటుంది, రాకపోవడం కాదు అని మనసుకి చెప్పుకున్నాను. మిషను పంపకు, ఇక్కడ చోటు లేదు. నేనే వస్తాను, వచ్చినప్పుడు చూస్తాను. దాని మీద పని మానకు, తుప్పు పడుతుంది."

ఆ కారు తమదేనని చిన్నక్క జవాబులో రాయలేదు. మూడుసార్లు రాసి మూడుసార్లు చింపేసింది. ఎప్పుడొస్తావు అని మాత్రం రాసింది.

పెద్దక్క మళ్ళీ రాలేదు. మూడేళ్ళ తర్వాత, ఫిబ్రవరి తొమ్మిదిన, కొడుకింట్లోనే పోయింది.